దోమకు ఏడు రోజులు, సీసాకు నాలుగు గంటలు

శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లలో నీళ్ల ట్యాంకు కింద నిలబడి చూస్తే చాలాచోట్ల స్తంభం మీద రంగుతో ఒక తేదీ రాసి ఉంటుంది. ట్యాంకు ఆఖరుసారి ఎప్పుడు కడిగారో చెప్పే తేదీ అది. నెలకు మూడుసార్లు కడగాలని లెక్క, మామూలుగా 1, 11, 21 తారీఖుల్లో. శుక్రవారం డ్రైడే. బుధ, శనివారాలు టీకాలు. కుక్క కరిస్తే ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు సూది. బిడ్డ పుడితే 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఊరి ఆరోగ్యం చూసేవాళ్ల గోడల మీద, రిజిస్టర్లలో, ఫోన్లలో ఇలాంటి అంకెలు బోలెడు. చూస్తే ఎవరో గుమాస్తా సర్క్యులర్‌లో వేసి పంపినట్టు ఉంటాయి. కొన్ని నిజంగా అలాంటివే. 21 రోజుల గడువు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద రాసిన నియమాలు పెట్టాయి. టీకాలకు బుధవారమే ఎందుకు అంటే ఆఫీసు సౌకర్యం తప్ప వేరే జవాబు లేదు. కానీ మిగతా వాటిలో చాలా అంకెలకు ఏ అధికారి సంతకమూ మూలం కాదు. ఒకదాన్ని దోమ నిర్ణయించింది, ఇంకొకదాన్ని బాక్టీరియా, మరొకదాన్ని క్లోరిన్. ఈ అధ్యాయం ఆ లెక్కల గురించి.

ఇంతకీ ఈ పని ఎవరిది? అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 351 ఊళ్లూ పట్టణాలూ ఉన్నాయి. దాదాపు ప్రతిదానికీ సొంత ఆరోగ్య బోర్డు ఉంటుంది. హోటల్ వంటగదిని తనిఖీ చేసేదీ, సెప్టిక్ ట్యాంకుకు అనుమతి ఇచ్చేదీ, అంటువ్యాధి వస్తే ఆరా తీసేదీ ఆ బోర్డే. మన దగ్గర అలాంటి బోర్డు లేదు. పని మాత్రం అంతా ఉంది, పంపకాలైపోయిన ఉమ్మడి ఆస్తిలాగా తలా ఒకరి దగ్గర. జ్వరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానిది. మురికి కాలువ మున్సిపాలిటీది, పల్లెలో అయితే పంచాయతీది. పైపులో వచ్చే నీళ్లు మిషన్ భగీరథవి, నగరం వైపు అయితే జలమండలివి. ఆ నీళ్లలో కలిపే బ్లీచింగ్ పౌడర్ పంచాయతీ కార్యదర్శి చూసుకోవాలి. హైవే మీద దాబాలో వడ్డించే బిర్యానీ ఆహార భద్రత అధికారిది. కుక్క మున్సిపాలిటీది, కుక్క కరిచిన మనిషి మళ్లీ ఆరోగ్య కేంద్రం లెక్కలోకి వస్తాడు.

పైగా ఇక్కడ హద్దులు నిలకడగా ఉండవు. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా విడిపోయింది. 2022 ఆగస్టులో శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కొత్త కలెక్టరేట్ తెరిచారు. ఈలోగా మేడ్చల్, తూముకుంట మున్సిపాలిటీలు అయ్యాయి. 2025 చివర్లో వాటినీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు. పదేళ్ల లోపే ఒకే వీధి పంచాయతీని, మున్సిపాలిటీని, కార్పొరేషన్‌ని చూసింది. ఆఫీసు బోర్డులు మారాయి, వీధిలో తిరిగే మనుషుల పని మాత్రం మారలేదు. వాళ్లు ఏఎన్ఎం, ఆశా వర్కర్. జనం నోట్లో నర్సమ్మ, ఆశమ్మ.

శుక్రవారంతో మొదలుపెడదాం. వానాకాలం, పొద్దున తొమ్మిదిన్నర. ఆశమ్మ గేటు తీసుకుని లోపలికి వస్తుంది. చేతిలో టార్చి, సంచిలో రిజిస్టరు.

"అక్కా, హౌజుల నీళ్లు ఎప్పుడు పారవోసినవ్?"

"మొన్ననే పారవోసిన చెల్లె."

"ఏదీ, ఒక్కసారి మూత తియ్యి, చూస్త."

టార్చి వెలుగు నీళ్ల మీద పడగానే పైన తలకిందులుగా వేలాడుతున్న పురుగులు ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అడుక్కు దిగుతాయి. పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. తోక చివర సన్నటి గొట్టం ఉంటుంది. దాన్ని నీటి ఉపరితలానికి ఆనించి గాలి పీలుస్తాయి. కాసేపు కదలకుండా నిలబడితే ఊపిరి కోసం మళ్లీ ఒక్కొక్కటే పైకి వస్తాయి. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దోమ పిల్లలివి.

ఈ దోమ గుడ్డు పగిలి, లార్వాగా నాలుగుసార్లు చర్మం విడిచి, ప్యూపాగా మారి, రెక్కలతో బయటికి రావడానికి మన వానాకాలపు వేడిలో ఏడు నుంచి పది రోజులు పడుతుంది. చలి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. దోమ ఎంత తొందరపడినా వారం కంటే పెద్దగా తగ్గదు. అంటే ఇంట్లో ఉన్న ప్రతి నీటి పాత్రనూ వారానికోసారి ఖాళీ చేస్తే ఏ తరమూ రెక్కల దాకా రాదు. డ్రైడే వారానికోసారి రావడానికి కారణం ఇదే. అది శుక్రవారమైనా, ఆదివారమైనా దోమకు పట్టింపు లేదు. పది రోజులకోసారి చేస్తే మాత్రం చేయనట్టే లెక్క.

పారబోస్తే సరిపోతుందా అంటే సరిపోదు. ఆడ దోమ గుడ్లు నీళ్లలో పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన తడి గోడకు అంటిస్తుంది. నల్లగా, కంటికి ఆనీ ఆననట్టుగా ఉంటాయి. నీళ్లు పోయి గోడ ఎండిపోయినా గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీటి మట్టం అక్కడిదాకా రాగానే పగిలి లార్వాలు బయటికొస్తాయి. మార్చిలో ఎండిపోయిన కూలర్ ట్యాంకులో జూన్ వాన పడితే చాలు. అందుకే ఆశమ్మ "పారవోసినవా" దగ్గర ఆగదు, "పీచుతోని రుద్దినవా" అని కూడా అడుగుతుంది. ఇంటావిడకు అది చాదస్తం అనిపిస్తుంది. రెండిట్లో నిజానికి ఎక్కువ పనికొచ్చే ప్రశ్న అదే.

ఎక్కడెక్కడ చూడాలో పుస్తకంలో ఉన్న జాబితా కంటే ఆశమ్మ బుర్రలో ఉన్న జాబితా పెద్దది. డ్రమ్ములు, గోళేలు, సంపు, పూలకుండీల కింద పళ్లేలు, వాకిట్లో వాడకుండా పడేసిన రోలు, కొబ్బరి చిప్పలు. ఫ్రిజ్ వెనక నీరు కారే ట్రే చాలామందికి తట్టనే తట్టదు. ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకొకటుంది, టైర్లు. నాగపూర్ హైవే, అంటే జాతీయ రహదారి 44, మేడ్చల్ మీదుగానే పోతుంది. లారీలు ఉన్నచోట పంక్చర్ షాపులు, షాపుల వెనక పాత టైర్ల గుట్టలు. టైరు ఎటు తిప్పి పడేసినా లోపలి వంపులో కాసిని వాన నీళ్లు నిలుస్తాయి. నీడగా ఉంటుంది, తొందరగా ఆరిపోదు. ఏడిస్ జాతికి ఇంతకంటే మంచి పురుటిగది లేదు. 1985లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఆసియా పులి దోమ, అంటే ఏడిస్ ఆల్బోపిక్టస్, స్థిరపడినట్టు కనుక్కున్నారు. ఆసియా నుంచి ఓడల్లో దిగుమతైన పాత టైర్లలో గుడ్ల రూపంలో వచ్చిందని తేలింది. ఎండిన గుడ్డు సముద్రాలు దాటగలిగినప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట రావడం దానికి ఎంత!

ఆశమ్మ చూసింది రిజిస్టరులో అంకెలుగా ఎక్కుతుంది. వంద ఇళ్లు చూస్తే ఎనిమిదిళ్లలో లార్వా దొరికిందనుకోండి, ఇంటి సూచిక ఎనిమిది. ఆ వంద ఇళ్లలో మొత్తం పన్నెండు పాత్రల్లో దొరికితే బ్రెటో సూచిక పన్నెండు. రెండో అంకెకు విలువెక్కువ. ఒకే ఇంట్లో అయిదు డ్రమ్ముల్లో పురుగులుంటే మొదటి అంకెలో అది ఒక్కటిగానే కనపడుతుంది, రెండోదానిలో అయిదుగా కనపడుతుంది. ఈ అంకెలు జ్వరాల కంటే ముందు కదులుతాయి. లార్వా లెక్క పెరిగిన కొన్ని వారాలకు డెంగీ కేసులు పెరుగుతాయి. వీధి తిరిగి అంకె తెచ్చేవాళ్లకు తాము తెస్తున్నది రేపటి వార్త అని ఎవరూ చెప్పకపోవడం నాకు వింతగా ఉంటుంది.

డెంగీలో ఇంకో గడియారం కూడా నడుస్తుంటుంది. రోగిని కుట్టిన దోమ వెంటనే ప్రమాదకరం కాదు. వైరస్ దాని కడుపు దాటి లాలాజల గ్రంథుల దాకా చేరడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. రోగి ఒంట్లోంచి దోమకు వైరస్ ఎక్కేది ముఖ్యంగా జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లో. ఇప్పుడు లెక్క చూడండి. జ్వరం వచ్చిన ఏడో రోజున ఎలీసా రిపోర్టు పాజిటివ్‌గా ఆరోగ్య కేంద్రానికి చేరిందనుకుందాం. రెండో రోజున ఆ మనిషిని కుట్టిన దోమ మరి మూడు నాలుగు రోజుల్లో సిద్ధమవుతుంది. బృందం చేతిలో ఉన్నది ఆ మూడు నాలుగు రోజులే. ఏడిస్ ఎక్కువ దూరం ఎగరదు, పుట్టిన చోటికి రెండు మూడు వందల మీటర్ల లోపే బతుకు వెళ్లదీస్తుంది. అందుకే రోగి ఇంటి చుట్టూ యాభై ఇళ్లు గాలిస్తారు, గదుల్లో పైరెత్రమ్ కొడతారు. ప్రైవేటు ల్యాబులో కార్డు మీద వచ్చిన పాజిటివ్‌ను ప్రభుత్వ లెక్కలో డెంగీగా రాయరు, ఎలీసా కావాలంటారు. లెక్కకు అది సరైన పద్ధతే, కార్డు పరీక్షలు తప్పు చెబుతాయి. కానీ లెక్క కోసం ఆగినట్టు దోమ కోసం ఆగకూడదు. మంచి మెడికల్ ఆఫీసర్లు కార్డు చూడగానే మనుషుల్ని పంపిస్తారు, ఎలీసా వచ్చాక కాగితం రాసుకుంటారు.

ఫాగింగ్ గురించి ఒక మాట. సాయంత్రం బండి మీద పొగ వదులుకుంటూ పోతే కాలనీవాసులకు తృప్తి, కౌన్సిలర్‌కు ఫొటో. పొగ తుంపర నేరుగా తగిలిన ఎగిరే దోమ మాత్రమే చస్తుంది. ఏడిస్ పగటి దోమ. ఆ వేళకు మంచాల కిందా, కర్టెన్ల వెనకా, బీరువా చాటునా నక్కి ఉంటుంది. మనం పొగ రాకుండా కిటికీలు మూసి దాన్ని భద్రంగా లోపలే ఉంచుతాం. హౌజులో లార్వాకు పొగ సంగతే తెలియదు. కేసులు విజృంభించినప్పుడు ఫాగింగ్‌కు కొంత చోటు ఉంది, రోజువారీ పనిగా మాత్రం డీజిల్ ఖర్చు దండగ.

దోమకూ మలేరియాకూ ఉన్న లంకె రుజువైంది ఇక్కడికి ఎంతో దూరంలో కాదు. శామీర్‌పేట నుంచి సికింద్రాబాద్ మీదుగా బేగంపేట వెళ్తే పాత విమానాశ్రయం దగ్గర ఒక భవనం ఉంది. 1897లో రోనాల్డ్ రాస్ అక్కడ పనిచేశాడు. మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను ఆగస్టు 16న దోమలతో కుట్టించి, ఆ దోమల్ని ఒక్కొక్కటిగా కోస్తూ వచ్చాడు. ఆగస్టు 20న కోసిన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనపడ్డాయి. మర్నాడు కోసినదానిలో అవి ఇంకా పెద్దవయ్యాయి. పెరుగుతున్నాయి కాబట్టి అవి దోమ సొంత కణాలు కావని, మలేరియా పరాన్నజీవి రూపమని రాస్ గ్రహించాడు. రెండు రోజుల మధ్య తేడాయే ఆయనకు సాక్ష్యం. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

బుధవారం పని వేరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ అని ఒక పెట్టె ఉంటుంది. లోపల 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్. పొద్దునా సాయంత్రమూ ఉష్ణోగ్రత చూసి కాగితం మీద రాయాలి, ఆదివారమైనా పండగైనా. కరెంటు పోయినా కొన్ని గంటలు చల్లదనం నిలిచేలా గోడల్లో ఐసు ఉంటుంది. సబ్ సెంటర్‌కు బయలుదేరే ముందు ఏఎన్ఎం నాలుగు ఐస్ ప్యాకులు డీప్ ఫ్రీజర్ నుంచి తీసి బల్ల మీద పెడుతుంది. పెట్టి, ఆగుతుంది. కాసేపటికి ఒకదాన్ని తీసుకుని చెవి దగ్గర ఊపుతుంది. చప్పుడు లేదు. మళ్లీ పెడుతుంది. ఇంకాసేపటికి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడుతుంది. అప్పుడు ప్యాకుల్ని తుడిచి వ్యాక్సిన్ క్యారియర్‌లో సర్దుతుంది.

ఈ ఆగడం దేనికి? వేడి తగిలితే టీకా పాడవుతుందని అందరికీ తెలుసు. అతి చలికి కూడా పాడవుతుందని తక్కువమందికి తెలుసు. హెపటైటిస్ బీ, పెంటావాలెంట్ వంటి టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. అసలు మందు దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. గడ్డకడితే ఆ అంటు విడిపోతుంది, లవణం రేణువులు ముద్దకడతాయి. కరిగాక చూస్తే మామూలుగానే ఉన్నట్టుంటుంది, పని మాత్రం చేయదు. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాకు సున్నా కంటే చాలా కింద ఉంటుంది. లోపల కొంచెమైనా నీళ్లు కదిలితే అది సున్నా దగ్గరికి వచ్చినట్టు. థర్మామీటరు అక్కర్లేని ఉష్ణోగ్రత పరీక్ష. గడ్డకట్టిందేమో అని సీసా మీద అనుమానం వస్తే, కావాలని గడ్డకట్టించి కరిగించిన ఇంకో సీసాతో కలిపి రెండూ ఊపి పక్కపక్కన పెట్టి చూస్తారు. పాడైనదాంట్లో తెల్లటి పొడి త్వరగా అడుక్కు చేరుతుంది.

వేడి సంగతి సీసానే చెబుతుంది. లేబుల్ మీద ఊదా వృత్తం, దాని మధ్యలో తెల్ల చదరం ఉంటాయి. వేడి తగిలినకొద్దీ చదరం ముదురుతుంది. వృత్తం రంగుతో సమానమైతే ఆ సీసా పారేయాల్సిందే.

బాగా కఠినమైన గడువు మీజిల్స్–రుబెల్లా టీకాది. పొడిగా వస్తుంది, ద్రవం కలిపి వేయాలి. కలిపాక నాలుగు గంటలు, అంతే. కలపగానే ఏఎన్ఎం పెన్నుతో సీసా మీద టైము రాస్తుంది. ఇది సజీవ వైరస్ టీకా కాబట్టి క్రిముల్ని ఆపే రసాయనాలు కలపరు, అవి వైరస్‌నూ చంపేస్తాయి. సూది గుచ్చిన ప్రతిసారీ స్టెఫిలోకాకస్ లాంటి బాక్టీరియా లోపలికి పోయే అవకాశం ఉంది. పోషకాలున్న ద్రవంలో అవి గంటల్లో పెరిగి విషం తయారుచేస్తాయి. గడువు దాటిన సీసా వాడి పసిపిల్లలు చనిపోయిన దుర్ఘటనలు వేర్వేరు దేశాల్లో జరిగాయి. నాలుగు గంటలు అక్కడి నుంచి వచ్చిన అంకె. పెంటావాలెంట్ సీసా తెరిచినా, చల్లదనం తప్పకపోతే, 28 రోజుల దాకా వాడొచ్చు, దానిలో క్రిములు పెరగనీయని పదార్థం ఉంటుంది. పది మోతాదుల మీజిల్స్ సీసాకు ఆ రోజు ఒక్క బిడ్డే వచ్చినా సీసా తెరవాలని నియమం. తొమ్మిది మోతాదులు పోతాయని తల్లిని వచ్చే వారం రమ్మంటే ఆమె రాకపోవచ్చు. మందు వృథాను లెక్కలో చూపించవచ్చు, తట్టు వచ్చిన బిడ్డను ఏ లెక్కా సరిదిద్దలేదు.

ఈ సీసాల్లో కొన్ని ఎంత దగ్గర పుట్టాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997 ఆగస్టులో దేశంలోనే మొట్టమొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బీ టీకాను విడుదల చేసింది. ఆ సంస్థ ఫ్యాక్టరీ మేడ్చల్‌లోనే ఉంది. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ, అందులో భారత్ బయోటెక్. కోవాక్సిన్ పేరు అందరికీ తెలుసు. అంతకుముందే అక్కడ తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. మన దేశపు ఉచిత టీకాల పట్టికలోకి రాకముందే, 2019లో, పాకిస్తాన్ తన పిల్లలకు ఆ టీకాను మామూలు టీకాల్లో చేర్చుకుంది. ఫ్యాక్టరీ పక్క వీధిలో పిల్లలకు టైఫాయిడ్ రాకూడదంటే తల్లిదండ్రులు ప్రైవేటులో డబ్బు పెట్టి టీకా వేయించుకోవాలన్నమాట. టీకా కనిపెట్టడం ఒక విద్య, దాన్ని వీధి చివరి బిడ్డ దాకా తీసుకెళ్లడం వేరే విద్య. ఈ రెండో విద్యకు అవార్డులు తక్కువ.

కొన్నిసార్లు గడియారం మురుగులో మొదలవుతుంది. 2016 ఏప్రిల్ 25న దేశమంతటా పోలియో చుక్కల మందు మార్చారు. మూడు రకాల వైరస్‌లున్న పాత మందు తీసేసి, రెండో రకం లేని కొత్తది తెచ్చారు. అడవి వైరస్‌లో ఆ రెండో రకం అప్పటికే భూమ్మీద లేదు. మూడు వారాలకు, మే 17న, హైదరాబాద్‌లో తీసిన మురుగునీటి నమూనాలో రెండో రకపు టీకా వైరస్ మార్పులు చెంది కనపడింది. ఒక్క బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా జూన్ 20 నుంచి 26 వరకు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ముప్పున్న బస్తీల్లో 3,11,064 మంది పిల్లలకు పోలియో సూది వేశారు. టీకా కొరత కాలం కాబట్టి పూర్తి మోతాదులో అయిదో వంతు, 0.1 మిల్లీలీటరు, చర్మం లోపలి పొరలోకి ఎక్కించారు. అలా వేస్తే తక్కువ మందుతోనే శరీరం బాగా స్పందిస్తుంది. నమూనా తీసిన రోజు నుంచి చివరి సూది దాకా ఆరు వారాలు కూడా పట్టలేదు. కనిపించని జబ్బు కోసం ఎండలో ఇల్లిల్లూ తిరిగి, "ఇప్పుడు పోలియో ఏడుంది మేడం" అన్న ప్రతి తల్లికీ ఓపిగ్గా జవాబు చెప్పింది మళ్లీ ఈ ఏఎన్ఎంలు, ఆశమ్మలే.

నీళ్ల దగ్గరికి వద్దాం. అరవై వేల లీటర్ల ట్యాంకుకు నాణ్యమైన బ్లీచింగ్ పౌడర్ నూట యాభై గ్రాములు, అంటే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. కారోబారో, నీళ్లు వదిలే మనిషో బకెట్లో కలిపి, తెల్లటి మడ్డి దిగనిచ్చి, పై తేట ట్యాంకులో పోస్తాడు. అరగంట ఆగాలి. క్రిముల్ని చంపడానికి క్లోరిన్‌కు ఆ మాత్రం సమయం కావాలి. ఆగకుండా వాల్వు తిప్పితే క్లోరిన్ వాసనా, బతికున్న క్రిమీ రెండూ కలిసి ఊళ్లోకి వస్తాయి. సంచి మూతి కట్టకుండా వదిలేసిన పౌడర్ తేమకు రోజురోజుకూ బలం కోల్పోతుంది, తూకం సరిగ్గా ఉన్నా పని జరగదు.

పని జరిగిందో లేదో ట్యాంకు దగ్గర చూస్తే లాభం లేదు, ఊరి చివరి నల్లా దగ్గర చూడాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఓటీ ద్రావణం చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది. పది సెకన్ల లోపు చూసిన రంగే లెక్క, ఆ తర్వాత ముదిరే రంగు తప్పుదారి పట్టిస్తుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆ మిగులు దారి కాపలా లాంటిది. మనకు నీళ్లు రోజంతా రావు. మోటారు ఆగాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపు మురికి కాలువ పక్కన పోతూ, అక్కడ పగులుంటే, బయటి నీళ్లు లోపలికి లాగబడతాయి. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీటితో కలరా వచ్చి పదిమందికి పైగా చనిపోయారు. బాక్టీరియా ఉందో లేదో తెలియాలంటే నీటిని సీసాలో పోసి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఆగాలి. నల్లబడితే కలుషితం. ఆలోపు ఊరంతా ఆ నీళ్లు తాగేస్తుంది. కాబట్టి రోజూ చేయాల్సింది పది సెకన్ల పరీక్షే.

లండన్‌లో 1854 కలరా సమయంలో బ్రాడ్ స్ట్రీట్ పంపు కథ అందరూ చెబుతారు, జాన్ స్నో ఇల్లిల్లూ తిరిగి చావుల్ని లెక్కేసి నేరం ఆ పంపుదని తేల్చాడని. హ్యాండిల్ తీయించే అధికారం మాత్రం ఆయనకు లేదు. వెళ్లి స్థానిక పారిష్ బోర్డు ముందు తన లెక్క పెట్టాడు. సెప్టెంబరు 8న బోర్డు హ్యాండిల్ తీయించింది. బోర్డు సభ్యులకు ఆయన సిద్ధాంతం మీద పెద్ద నమ్మకం లేదు, అప్పటికే రోగం తగ్గుముఖం పట్టింది కూడా. అయినా తీశారు. నమ్మకం కుదిరేదాకా ఆగలేదు. స్నో కంటే ఆ సభ్యులే నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తారు.

కుక్కకాటు లెక్క చెప్పేసి ముందుకు పోదాం. రేబిస్ వైరస్ నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు ప్రయాణిస్తుంది, సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. టీకా వల్ల రక్షణ తయారవడానికి ఒకటి రెండు వారాలు కావాలి. పందెం ఆ రెండిటి మధ్య. గాయాన్ని వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగితే వైరస్ బయలుదేరకముందే చాలావరకు పోతుంది. లోతైన గాయమైతే మొదటి వారం ఖాళీని పూడ్చడానికి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ వేస్తారు. రెండు సూదులయ్యాక గాయం మానిపోయిందని మిగతావి మానేసేవాళ్లు ఎక్కువ. ఏడో రోజు రానివాళ్లకు ఫోన్ చేయడం కూడా ప్రజారోగ్యమే.

ఇన్ని గడియారాలు ఒకే చేతిలో లేకపోవడమే ఇక్కడి అసలు చిక్కు. మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో ఎటు చూసినా వెంచర్లు, సగంలో ఆగిన అపార్ట్‌మెంట్లు. వాటి లిఫ్టు గుంతల్లో వానాకాలమంతా మోకాలి లోతు నీళ్లు. ఆశమ్మకు ఆ గేటు దాటి వెళ్లే అధికారం లేదు. ఏఎన్ఎంకు చెబుతుంది, ఏఎన్ఎం సూపర్‌వైజర్‌కు, ఆయన మున్సిపల్ సిబ్బందికి. వాళ్లు నోటీసు రాస్తారు. ఓనరు నగరంలోనో, అమెరికాలోనో ఉంటాడు. నోటీసులో వారం గడువిస్తే దోమకు కావాల్సింది ఆ వారమే. ఈలోగా అందరూ చేసే పని ఒకటుంది. గుడ్డలో రంపపు పొట్టు మూటకట్టి, హైవే మెకానిక్ దగ్గర అడిగి తెచ్చిన పాత ఇంజిన్ ఆయిల్లో ముంచి, గుంతలోకి విసురుతారు. నీటి మీద నూనె పొర పరుచుకుంటుంది, లార్వా తోక గొట్టానికి గాలి అందదు. గట్టి వానకు పొర చెదిరిపోతుంది, మళ్లీ వేయాలి. తాగే నీళ్లలో ఇది కుదరదు. అక్కడ లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున టెమిఫాస్ మందో, లేకపోతే గంబూసియా చేపలో.

మసాచుసెట్స్ చట్టం ఈ విషయంలో ముక్కుసూటిగా ఉంటుంది. రోగకారకమైన మురికి ఎవరి స్థలంలో ఉన్నా, సొంత ఖర్చుతో 24 గంటల్లో తొలగించమని ఆరోగ్య బోర్డు యజమానిని ఆదేశించవచ్చు. మన నోటీసుకు గడువు వేసేటప్పుడు కూడా గుంతలో ఏముందో చూసి అంకె వేయవచ్చు. సన్నటి లార్వాలే ఉంటే మూడు నాలుగు రోజుల వ్యవధి ఉంది. తల లావుగా, ఒళ్లు వంగి, మేత మానేసిన ప్యూపాలు కనపడితే రెండు రోజులే. టెమిఫాస్ వేసినా వాటికి పట్టదు, అవి ఏమీ తినవు. ఇప్పుడు రిజిస్టరులో లార్వా ఉంది, లేదు అని రాస్తున్న చోట ప్యూపా ఉందా అని ఇంకో గడి గీస్తే నోటీసు తేదీ దానికదే తేలుతుంది. ఆశమ్మ టార్చి ఎలాగూ నీళ్ల మీదే ఉంది.